చిన్నత్త మెయిన్స్ పోయిన శ్రావణం

ఖమ్మంలో నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లే దారిలో, కోచింగ్ సెంటర్ల మెట్ల కింద, జిరాక్స్ కొట్లు వరసగా ఉంటాయి. పొద్దున్నే మిషన్లు వేసి గ్రూప్స్ మెటీరియల్ కట్టలకొద్దీ తీస్తుంటే ఆ వేడి కాగితాల వాసన, కాస్త కమురుగా, కాస్త మందు కలిపినట్టుగా ఉండే వాసన, రోడ్డు మీదిదాకా వస్తుంది. దారిన పోయేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం ఈ వయసులో కూడా అక్కడ నిలబడలేను. నడక తొందర చేసి ఆ కొట్లు దాటేస్తాను. నా చిన్నతనంలో మా ఇంట్లోకి ఆ వాసన వచ్చిందంటే భయం వచ్చినట్టే.

మా ఊరు సారపాక దాటి లోపలికి పోతే, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మిరప, పత్తి మా పంటలు. ఎండలు ముదరకముందే అడవిలోంచి ఇప్పపూల తీపి వాసన, కల్లంలోంచి ఎండుమిరప ఘాటు రెండూ ఒకేసారి ఇంట్లోకి వచ్చి, పీలిస్తే మత్తు, వదిలితే తుమ్ము అన్నట్టుండేది. శ్రీరామనవమికి నాయనమ్మ కొత్త కుండలో పానకం కలిపి మిరియాలు దండిగా వేసేది, గొంతు మండుతున్నా పిల్లలం పోటీపడి తాగేవాళ్లం. వానలు పడితే గోదారి మాటలే ఊరంతా. భద్రాచలం దగ్గర నీళ్లు ఎంతకు వచ్చాయి, మొదటి ప్రమాద హెచ్చరికా, రెండోదా అని మగవాళ్లు రేడియో దగ్గర కూర్చునేవాళ్లు. మూడోది వేశారంటే మూటలు కట్టుకోవడమే.

అలాంటి ఇంట్లో మా నాన్న చెల్లెలు పద్మ, నాకు చిన్నత్త, గ్రూప్ వన్ పరీక్షకు చదివేది. కొత్తగూడెంలో డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు హైదరాబాదులో కోచింగ్ తీసుకుని, సంచి నిండా జిరాక్స్ కట్టలతో తిరిగొచ్చింది. ఇంట్లో వచ్చేపోయేవాళ్ల గోల ఎక్కువని చేలో మంచె ఎక్కి చదువుకునేది. కోతులు మిరపతోట మీద పడకుండా డబ్బా కొట్టే పని నాది కాబట్టి నేనూ మంచె మీదే. మధ్యలో ప్రశ్నలు చదివి వినిపించేదాన్ని. తను కళ్లు మూసుకుని జవాబు చెప్పేది. నాకు అర్థమయ్యేవి తక్కువ, కానీ తను తడబడితే మాత్రం డబ్బా కొట్టడం మర్చిపోయేదాన్ని.

ఒకరోజు అడిగాను, ఈ పరీక్ష ఎప్పుడు అయిపోతుందని. చిన్నత్త నవ్వింది.

"గోదారికి మూడు హెచ్చరికలు ఉంటయి గదనే, దీనికీ మూడున్నయ్. మొదటిది ప్రిలిమ్స్. అన్నీ బిట్లే, సరైన దానికి చుక్క పెట్టాలె. లక్షలమంది రాస్తరు, శానామందిని అక్కడే ఆపేస్తరు. ఆ మార్కులు ఎనక లెక్కల్లకు రావు. రెండోది మెయిన్స్. అన్నీ చేత్తో రాసుడే, వేళ్లు పడిపోవాలె. అది గట్టెక్కితే ఇంటర్వ్యూ."

"మెయిన్స్ పోతే మల్ల మెయిన్స్ రాస్తవా?"

"లేదే. మల్ల మొదటికే. ప్రిలిమ్స్ కాడి నుంచి."

ఆ మాట వినగానే నాకు పట్టిన భయం ఇప్పటికీ గుర్తుంది. బడిలో నాలుగో తరగతి తప్పినవాణ్ణి మళ్లీ నాలుగులోనే కూర్చోబెడతారు గానీ ఒకటిలోకి పంపరు. ఇదేం పరీక్ష అనుకున్నాను. మెయిన్స్ పేపర్ల పేర్లు నాకు నోటికొచ్చేశాయి: జనరల్ ఎస్సే, చరిత్ర సంస్కృతి, రాజ్యాంగం, ఎకానమీలో భూసంస్కరణలు, సైన్స్ అండ్ టెక్నాలజీ, డేటా ఇంటర్‌ప్రిటేషన్. ఇంగ్లిష్ పేపర్ పాసైతే చాలు, మార్కులు కలపరు, కానీ అది తప్పితే మిగతావన్నీ దండగే. అచ్చనగాయలు ఆడుతూ కూడా ఈ పేర్లే గొణిగేదాన్ని. స్నేహితులు నన్ను వింతగా చూసేవాళ్లు.

చిన్నత్త మొదటిసారి ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయింది. రెండోసారి ప్రిలిమ్స్ దాటింది. ఆ రోజు నాయనమ్మ గారెలు వండి వాడంతా పంచితే, చిన్నత్త మాత్రం ఒక్కటి కొరికి పక్కన పెట్టింది. మెయిన్స్ రాసి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు చూపుడువేలు వాచి, పక్కన కాయ కాసి ఉంది. ఫలితాలు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లోనే తాత తన మాట తేల్చేశాడు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. వసారాలో నవారు మంచం మీద కూర్చుని, చుట్ట ఆర్పి, నెమ్మదిగా అన్నాడు.

"ఇది రాకపోతే ఇగ పెండ్లే. మల్ల మొదటికెల్లి అంటే నేనినను. సత్తుపల్లి సంబంధపోళ్లు చూడనీకి వస్తమంటున్నరు."

మర్నాడు మంచె మీద చిన్నత్త, నాతోనో తనతోనో తెలియకుండా అంది: "ఈసారి రాకపోతే నా మొఖం ఎవ్వలికీ సూపెట్ట."

శ్రావణంలో ఒక పొద్దున ఫలితాలు వచ్చాయన్నారు. చిన్నత్త తల దువ్వుకుని, ఆకుపచ్చ ఓణీ వేసుకుని, సారపాకలో నెట్ సెంటర్‌కు పోయొస్తానని బస్సెక్కింది. మధ్యాహ్నం అన్నాలప్పటికీ రాలేదు. ఆ నెట్ సెంటర్ నడిపే అతను నాన్నకు తెలిసినవాడే. నాన్న ఫోన్ చేశాడు. అవతలి మాట నాకు వినపడలేదు, నాన్న ముఖం మాత్రం కనపడింది.

"నంబర్ లేదంట. ఎప్పుడో పొద్దుగాలనే చూసుకొని ఎల్లిపోయిందంట."

అప్పుడు నేను నాయనమ్మ కొంగు పట్టుకుని, మంచె మీద విన్న మాట చెప్పేశాను. నాయనమ్మ చేతిలోని గరిట వదిలేసింది. "ఓ నా బిడ్డో, గోదారి నిండుగున్నదిరా," అని ఒక్క కేక. తాత చుట్ట పారేసి వాకిట్లోకి వచ్చాడు. నాన్న బండి తీశాడు. చిన్నత్త ఎక్కడెక్కడికి పోతుందో నాకు తెలుసని నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు.

వాన తుంపర పడుతోంది. ముందు మంచె దగ్గరికి పోయాం, అక్కడ లేదు. బస్టాపులో లేదు. ఇక భద్రాచలమే. గోదారి వంతెన మీదికి ఎక్కగానే చూశాను, మధ్యలో జనం గుంపుగా నిలబడి రెయిలింగ్ మీంచి కిందికి వంగి చూస్తున్నారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న బండి ఆపాడు గానీ దిగలేదు. దిగి చూసే ధైర్యం ఆయనకు లేదని నాకు తెలిసిపోయింది, అంతకుముందెప్పుడూ నాన్న భయపడగా నేను చూడలేదు. చివరికి బండి మీంచే ఎవరినో ఏమైందని అడిగాడు.

"దుంగ, అన్నా. వరదకు పెద్ద దుంగ కొట్టుకొచ్చి స్తంభానికి తట్టుకున్నది," అన్నాడతను.

నాన్న నన్ను గట్టిగా పొదువుకుని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నా నడినెత్తిన వేడిగా తగిలింది.

స్నానఘట్టం దగ్గర కింది మెట్లన్నీ మునిగిపోయి, ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. మెట్ల మీద ఒక జత ఆడవాళ్ల చెప్పులు ఉన్నాయి. అవి చిన్నత్తవి కావని చూడగానే తెలుసు, అయినా మళ్లీ మళ్లీ చూశాను. నాన్న "పద్మా, పద్మా" అంటూ ఇటు నుంచి అటు పరుగెత్తుతున్నాడు. నేను ఒక చోటే నిలబడి ఏడుస్తున్నాను. అప్పుడు పైమెట్ల మీద, మాకు వీపు చేసి కూర్చున్న ఒక గుండు మనిషి కనిపించింది. నున్నటి తల మీద పసుపుపచ్చగా గంధం. భుజాల మీద ఆకుపచ్చ ఓణీ.

ఓణీ గుర్తుపట్టాను గానీ మనిషిని గుర్తుపట్టలేక ఒక క్షణం ఇంకా ఎక్కువ భయపడ్డాను. తను తిరిగింది. చిన్నత్తే.

"ఏంది, గట్ల ఏడుస్తున్నవ్? నేనేనే," అంది.

నాన్న దగ్గరికొచ్చి కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే తన ముఖం కప్పుకుని మెట్ల మీద కూలబడ్డాడు. చిన్నత్త ఆయన పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉంది. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చానని చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో వాడకట్టంతా ఉంది. నాయనమ్మ కూతుర్ని తడిమి తడిమి చూసుకుని, ప్రాణంతో ఉందని నమ్మకం కుదిరాక గొంతెత్తింది. "పెండ్లి గాని పిల్లవు, గుండేందే? ఎవలన్న జూస్తే ఏమనుకుంటరే?"

తాత అడిగాడు. "సత్తుపల్లోళ్లకు ఏం జెప్పాలె?"

"దేవుని మొక్కని చెప్పు నాయనా. ఎంట్రుకలు పెరిగినంక రమ్మను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాయనమ్మ ఏడుస్తూనే నవ్వింది. తాత నవ్వలేదు. కానీ నడుం దాకా జడ పెరగడానికి ఎంత కాలం పడుతుందో ఆయనకూ తెలుసు, దేవుడికిచ్చినదాన్ని తప్పు పట్టలేడని చిన్నత్తకూ తెలుసు. వారం తిరగకముందే ఆయన మనుషుల్ని పిలిచి మంచె మీద కొత్త తాటాకు కప్పించాడు.

మళ్లీ మొదటికెల్లి మొదలైంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు, ప్రిలిమ్స్, చుక్కలు, మళ్లీ అదే భూసంస్కరణలు, మళ్లీ వాచిన వేలు. ఈసారి నాకు భయం పదింతలైంది, ఎందుకంటే ఇప్పుడు ఇంట్లో అందరం భయపడుతున్నాం. చిన్నత్త స్నానానికి పోయి ఆలస్యమైతే నాయనమ్మ తలుపు దగ్గరికి పోయి ఏదో ఒక మాట అడిగేది. తను గోదారి వైపు బస్సెక్కితే నేనూ వస్తానని ఏడ్చేదాన్ని. ఇంటర్వ్యూకు పోయేనాటికి జుట్టు మెడదాకా వచ్చింది. చీర కట్టుకుని, ఆ పొట్టి జుట్టుకు నూనె రాసి దువ్వుకుని పోయింది. చివరి ఫలితాల రోజు నేను పత్తి కొట్టుగదిలో దూరి, పత్తిలో తల పెట్టి, చెవులు మూసుకున్నాను. అయినా నాయనమ్మ కేక వినపడింది. అది ఏడుపో సంతోషమో తెలియక, పత్తిలోకి ఇంకా దూరాను. నాన్న వచ్చి ఎత్తుకుని బయటికి తెచ్చాడు. చిన్నత్త కోరుకున్న డిప్యూటీ కలెక్టర్ పోస్టు రాలేదు, ఎంపీడీవో వచ్చింది. తాత ఆ రోజు తన చేత్తో కూతురికి చక్కెర తినిపించాడు.

ఇప్పుడు తాతా లేడు, నాయనమ్మా లేదు. మిరప కల్లాల చోట యూకలిప్టస్ తోటలు వచ్చాయి, మంచెలు ఎవరూ కట్టడం లేదు. ఆ పరీక్ష కూడా నేను నోటికి నేర్చుకున్నట్టు లేదు. రాష్ట్రం మారింది, పేపర్లు మారాయి, తెలంగాణ ఉద్యమం మీదే ఒక పేపర్ వచ్చింది, ఇంటర్వ్యూ అసలు ఎత్తేశారు. ఖమ్మంలో మా ఇంటి పక్క గదుల్లో కిరాయికి ఉండే పిల్లలు ఫోన్లలో పాఠాలు వింటూ చదువుతారు. ఫలితాల రోజు వాళ్ల తలుపులు ఎంతసేపు మూసి ఉన్నాయో చూడకుండా ఉండలేను.

మొన్న చిన్నత్త ఖమ్మం వచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. అప్పుడు తను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"ఆ రోజు ముందుగాల నేను కల్యాణకట్టకు పోలేదే. నీళ్లల్ల దిగిన. మోకాళ్ల దాంక. నీళ్లు సల్లగుండె. ఎంతసేపు నిలవడ్డనో నాకు ఎరక లేదు."

నా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. "మరి?"

"పక్కన ఒకామె పసిపిల్లను ఎత్తుకొని ఉన్నది, గుండు చేపిచ్చి తానం పోయనీకి తెచ్చింది. కొంగు తడుస్తున్నది, అక్కా, పిల్లను జర పట్టుకో అన్నది. పట్టుకున్న. పిల్ల నా మెడ పట్టుకొని ఇడవలే. ఆమె ఎంబడే పైకి నడిసిన. ఆ పిల్ల గుండు మీద చెయ్యేసినంకనే నాకు ఆ ఆలోచన పుట్టింది."

ఆమెది ఏ ఊరని అడిగాను. చిన్నత్త తల అడ్డంగా ఊపింది. పిల్ల పేరు కూడా అడగలేదట.