కళ్లు దిద్దని ముఖం

మా దొడ్డమ్మ పోయింది. ఆషాఢమాసపు ముసురులో మా మేనమామగారింటి పనిమనిషి తడుస్తూ వచ్చి, వీధిగుమ్మంలోనే నిలబడి, "అమ్మగారూ, పెద్దమ్మగారు పోయారండి. నిద్దట్లోనే పోయారండి" అని చెప్పింది. ఏడుపు తరువాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఎవరి మీదనో ఆ క్షణాన తెలియలేదు. ఇప్పుడు కొంత తెలుసు గనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆవిడ మా అమ్మకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడి పంచన చేరింది. నన్ను కూడా ఆ ఊరే ఇచ్చారు గనుక మా రెండిళ్లకూ మధ్య ఒక్క సందే అడ్డం. శ్రావణంలో వరలక్ష్మీ పూజకు చాలా ఇళ్లలో కొబ్బరికాయ మీద పసుపుముద్దతో అమ్మవారి ముఖం దిద్దుకుంటారు. మా వీధిలో మాత్రం మట్టిముఖం చేసి కలశానికి కట్టడం, పూజయ్యాక కాలువలో కలపడం అలవాటు. ఆ ముఖం దొడ్డమ్మ చెయ్యవలసిందే. ఇంకెవరు చేసినా అమ్మవారికి పడిశం పట్టినట్టుండేది.

వేసవిలో కాలువకు నీళ్లు కట్టేయగానే అడుగున ఉన్న బంకమన్ను తెప్పించేది. దూది విడదీసి కలిపి, మా పెరట్లో రోట్లో వేసి దంచేది. "ఇంకెంతసేపు దొడ్డమ్మా?" అంటే "నన్నడుగుతావేంటే, మన్నునడుగు" అనేది. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది గదా అంటే, "తొందరపడితే ముందు పోయేది ముక్కే" అనేది. ఆ మాట మట్టికే కాదు, పెళ్లిసంబంధాలకూ వ్యాజ్యాలకూ నా నోటికీ కూడా వాడేది. నాకు ఒళ్లు మండేది. కాని నీడలో ఆరిన ఆ ముఖాన్ని చేతిలోకి తీసుకుంటే మాత్రం నోరు పెగిలేది కాదు. నవ్వీ నవ్వని ఆ పెదవి ఎవరిదో ఇంటిమనిషిదిలా ఉండేది.

ఇంతా చేసి, కళ్లు దిద్దేది కాదు. కళ్లూ బొట్టూ ముత్తైదువ చేతి మీదుగానే జరగాలని ఆచారం. అక్కడికి రాగానే దొడ్డమ్మ చేతులు కడుక్కుని పెరటి వసారాలోకి వెళ్లిపోయేది. శుక్రవారం నాడు తాను చేసిన ముఖాన్ని చూడడానికైనా గదిలోకి రాకూడదు. ప్రసాదం వసారాలోకే వెళ్లేది.

కళ్లు దిద్దడం మొదట ఎదురింటి పిన్నిగారి వంతు. ఆవిడ దిద్దితే అమ్మవారు గుడ్లురిమినట్టుండేది. తరువాత ఆ పని నా మెడకు పడింది. నేను దిద్దితే మెల్లకన్ను. ఎంత జాగ్రత్తగా ఈనెపుల్ల కాటుకలో ముంచినా ఒక కన్ను కలశం వైపు, ఒక కన్ను కాకినాడ వైపు. వసారాలోంచి దొడ్డమ్మ "ఎలా కుదిరిందే?" అని అడిగేది. "దివ్యంగా కుదిరింది" అనేదాన్ని. అంతకంటె ఏం చెప్పను? ఏటేటా ఆవిడ చేసిన చక్కని ముఖాన్ని మేమందరం కలిసి పాడుచేసి, దానికే దణ్ణాలు పెట్టి, నీళ్లలో వదిలేవాళ్లం.

"మట్టికి మడీ లేదు, మైలా లేదు" అనేది తరచు. ఒకసారి ఉండబట్టలేక, "మట్టికి లేనిది నీకెందుకు మరి?" అన్నాను.

"నేనింకా మట్టిని కాలేదు గదే" అంది, చేతులకంటిన మన్ను గీకి తీసుకుంటూ.

ఒక ఏడు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి ఈనెపుల్ల ఆవిడ చేతిలో పెట్టాను. "ఎవరూ లేరు, నువ్వే దిద్దు."

"ఎవరూ లేకపోవడమేంటే? అమ్మవారు లేదూ?"

"కళ్లే లేవు, ఎలా చూస్తుంది?"

దొడ్డమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఈనెపుల్ల కొస వేలిగోటి మీద ఆనించి చూసుకుంది కూడా. ఇంతా చేసి తిరిగి నా చేతిలోనే పెట్టేసింది. నాకు ఆచారం మీద ఎంత కోపమో, ఆ ఆచారాన్ని అంత నిష్ఠగా మోసిన దొడ్డమ్మ మీదా అంతే. ఒక్క గీత గీస్తే ఏం మునిగిపోయేది? ఆ మాట ఆవిడతో తెగేదాకా పోట్లాడి ఉండవలసింది. ఇప్పుడెవరితో పోట్లాడను?

ఈ ఏటి ముఖం జ్యేష్ఠంలోనే చేసి, పసుపు పూసి, మా అటక మీద పెట్టి పోయింది. శుక్రవారం నాడు దాన్ని దింపి కలశానికి కట్టాను. బొట్టు పెట్టాను. కాటుక జోలికి పోలేదు.

ఎదురింటి పిన్నిగారు వస్తూనే గుమ్మంలో ఆగిపోయారు. "ఇదేంటమ్మాయ్, కళ్లేవి?"

"ఈ ఏడు వెయ్యనండి."

"కళ్లు లేని అమ్మవారికి పూజేంటి? అరిష్టం కాదూ?"

"ఏ అరిష్టమొచ్చినా నాకే రానివ్వండి పిన్నిగారూ. దిద్దవలసిన మనిషిని మనం వసారాలో కూర్చోబెట్టాం."

అప్పటికే పేరంటానికి వచ్చి కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పిన్నిగారు వెళ్లబోయి, ఏమనుకున్నారో, గోడవారగా కూర్చున్నారు. నేను హారతి వెలిగించి పైకెత్తాను. కళ్లుండవలసిన ఆ రెండు గుంటల్లో, పసుపు కింద, దొడ్డమ్మ బొటనవేళ్ల గీతలు ఒక్కొక్కటీ వెలుగులో కనిపించాయి. ఒక్కొక్కరే వచ్చి, ఆ గీతల ముందు వంగి దణ్ణం పెట్టుకుని, హారతి కళ్లకద్దుకున్నారు.