మూడో వరుసలో నిలుపు

మా బంధువుల్లో ఎవరికీ తోచని తెలివైన పని ఒకటి నేను చేశాను. మా మేనత్త పాటలో ఉన్న వంకను, ఆమెకు తెలియకుండానే, కిలో బెల్లానికీ డజను గాజులకూ సరిచేయించాను. బంగారు గనుల కేజీఎఫ్‌లో మా నాయనది చిల్లరంగడి. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. సరుకు చేతికి రాకముందే అందులో లోపం నాకు కనపడుతుంది.

మేనత్త మొగుడు గనిలో పనిచేసేవాడు. ఆమె కాపురమంతా గని కూలీల లైను ఇళ్ళలోనే గడిచింది. పెళ్ళికి ముందు పసుపు పూస్తూ ఆడవాళ్ళు పాడే నలుగు పాట మా వాళ్ళలో ఆమెదే. నా పెళ్ళికీ ఆమే పాడింది. మూడో వరుసలో, చెయ్యి చాపమని పెళ్ళికూతుర్ని అడిగే చోట, టక్కున ఆగిపోయేది. రెండుసార్లు ఊపిరి తీసి వదిలేంత సేపు. మళ్ళీ ఏమీ జరగనట్టు ఎత్తుకునేది.

నా కూతురి పెళ్ళి కుదిరాక ఆ నిలుపు నాకు కంట్లో నలుసైంది. ముసలామెకు ఊపిరి చాలడం లేదని మగపెళ్ళివాళ్ళు నవ్వుకోరా? అత్తకు ఆ పాట నేర్పిన వాళ్ళ అత్తగారిది గౌనిపల్లి. అసలు సరుకు అక్కడే దొరుకుతుందని బస్సెక్కాను.

అక్కడ బెల్లం, గాజులు చేతిలో పెడితే, పట్టుగూళ్ళు ఏరుతూ ఒకామె పాడింది. ఎక్కడా ఆగలేదు. కాలవ పారినట్టు నున్నగా పోయింది. ఫోన్‌లో పట్టుకున్నాను.

"ఇదే పాతదా అమ్మా?" అని అడిగాను.

"యాడి పాతది. మాయమ్మ ఇంకా నిదానంగా లాగేది. మామిడితోటల్లో కూలికి పోతా పోతా మేమే తొందర చేసేసినాము."

తన సరుకులో వంక తానే చెప్పే మనిషిని అంగట్లో నేనెన్నడూ చూడలేదు. అందుకే ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు. ఇంటికొచ్చి ఆ వరసను మా తోడికోడళ్ళు ముగ్గురికీ నేర్పించాను. అత్త ఆగిన చోట వీళ్ళు ఆగకుండా లాక్కుపోవాలి, లోపం కప్పుకుపోవాలి. అదీ నా ఎత్తు.

నలుగు రోజు, నేను కాపురముండే తమక ఊళ్ళో, మా ఇల్లంతా మనుషులు. కూతురు పీట మీద కూర్చుంది. అత్త ఎత్తుకుంది. రెండు వరుసలు బాగానే నడిచాయి. మూడో వరుసలో అత్త ఆగింది, నా ముగ్గురూ ఆగలేదు. ఉండండన్నట్టు అత్త చెయ్యెత్తింది. వాళ్ళు చివరిదాకా పాడేశారు. ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"బాగుండాది. ఎవురు నేర్పించినారు?"

"నేనే అత్తా. గౌనిపల్లిలో ఇట్లే పాడతారంట."

"అయితే ఇంగ నేనెందుకు? మీరే పాడుకోండమ్మా." గోడకు ఆనుకుని కూర్చుంది.

నా కూతురు పసుపు చేతులు అలాగే చాచి, "అవ్వ పాడకుంటే నేను లేయను" అంది.

మగపెళ్ళివాళ్ళ పెద్దామె నా మొహంలోకి చూసింది. పూసిన సున్నిపిండి మోచేతుల దగ్గర ఆరి బీటలు తీస్తోంది. నేను బేరానికి దిగాను. నువ్వొక్కదానివే పాడన్నాను. తల అడ్డంగా ఊపింది. ముందు నీది, తర్వాత వాళ్ళది అన్నాను. ఊహూ.

"పోనీ, ఆ ఆగేది కొంచెం తగ్గించుకో అత్తా."

"ఎంత తగ్గించాల? నువ్వే చెప్పు, అంగడిదానివి కదా."

సిగ్గులేకుండా, సగం అన్నాను.

"సగంలో ఏమి వినపడతాది?"

"వినేదానికి ఏముండాది అత్తా ఆడ?"

"నాకు పెళ్ళైన కొత్తలో లైన్లో ఒక నలుగు పెట్టినారు. మా అత్త పాడతాంది. సరిగ్గా ఆ మాటకాడ కింద గనిలో యాడో రాయి పగిలింది. ఇల్లు అదిరింది. మొగోళ్ళంతా కిందనే ఉండారు. ప్రమాదమని గని సైరను కూస్తాదేమోనని నోళ్ళు మూసుకొని విన్నాము. కూయలేదు. మా అత్త మళ్ళా ఎత్తుకునింది. ఆ పొద్దు అందరూ పైకొచ్చినారు. అప్పటినుంచి ఏ నలుగులోనైనా ఆడ ఆగి వినేది" అంది అత్త.

అట్లా కింద రాయి పగిలి మా అంగట్లో గాజు సీసాలు గలగలమన్నప్పుడు నాయన తక్కెడ పట్టిన చెయ్యి గాల్లోనే ఆపేవాడు. పప్పుకు బేరమాడే నోళ్ళన్నీ మూతపడేవి. సీసాలు సద్దుమణిగినా, ఇంకాసేపు విని గానీ తూకం వేసేవాడు కాదు. అంటే ఆ నిలుపు నాకూ తెలుసు. తెలిసి తెలిసి దానికి ముసలితనమని ధర కట్టాను.

తోడికోడళ్ళు ముగ్గురూ మళ్ళీ ప్రయత్నించారు. వద్దనుకున్నా వాళ్ళ నోళ్ళు ఆ చోటు దాటి పరుగెత్తాయి, రెండుసార్లూ. అత్త గోడ వదిలి ముందుకు రాలేదు. అప్పుడు నా కూతురే తన నలుగు తాను ఎత్తుకుంది. మూడో వరుసలో ఆగింది. అత్త చెయ్యి లేచింది. ఆ చెయ్యి దిగకముందే పిల్ల అందుకుంది.

"ఇంకొంచెం" అంది అత్త.

మళ్ళీ పాడింది, మళ్ళీ ముందే అందుకుంది. గనులు మూతపడ్డాక పెరిగిన పిల్ల, అంతసేపు దేనికోసమూ విని ఎరగదు. మూడోసారి అత్త తన చెయ్యినే కాస్త ముందుగా దించింది. పాట సాగింది. నేను పసుపు గిన్నె అందుకున్నాను.

లెక్క చెప్పేస్తాను. బెల్లం, గాజులు, బస్సు టికెట్లు పెట్టి తెచ్చిన పాట ఫోన్‌లోనే ఉంది, మళ్ళీ వినలేదు. అత్త గొంతు మా నలుగులకు లేకుండా పోయింది. ఇప్పటికీ నలుగుకు పిలిస్తే వస్తుంది, చెయ్యెత్తుతుంది, దించుతుంది, పాడదు. నా కూతురు పాడుతుంది. ఆమె నిలుపు రెండు ఊపిరులు కాదు, ఒకటిన్నర. తరుగు పడ్డ ఆ సగం ఊపిరి నేను బేరమాడిందే.