అన్నకు నచ్చని బండ్లు

ఆ యేడు నేను వరసగా ఎనిమిది ఆదివారాలు దండగ చేసుకున్నాను. తొంభైల మొదట్లో మాట ఇది. గద్వాలలో నాకు మోటార్లు వైండింగు చేసే చిన్న షాపుండేది. కరెంటు ఒకసారి ఎక్కువై, ఒకసారి తక్కువై బోరు మోటార్లు కాలిపోతే నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. గట్టు వైపు ఊళ్ళ నుంచి ఎడ్లబండి మీద తేవడానికి ఒక రోజు, బాగుచేశాక మళ్ళీ చేరవేయడానికి ఇంకో రోజు పట్టేది. ఈలోపు అక్కడ వేరుశనగ వాడిపోయేది. రైతు నా షాపు ముందు గొంతుక్కూర్చుని, ఆ మోటారు కాల్చింది నేనే అన్నట్టు నా ముఖం చూసేవాడు.

నేనే చేను దాకా పోయి, మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, చైన్ కప్పీతో మోటారు పైకి లాగి తెచ్చుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. కానీ ఆ చేలకు దారులెక్కడివి? వాగు ఇసుక దాటాలి, ఎర్ర మొరం ఎక్కాలి, వానపడితే నల్లరేగడిలో చక్రం కనపడకుండా దిగబడుతుంది. మామూలు బండి పనికిరాదు. ముందు చక్రాలు కూడా లాగే గేరున్న జీపు కావాలి, దానికే వెనక సామానుకు పికప్పు డబ్బా ఉండాలి. కొత్తది కొనే తాహతు నాకు లేదు. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న బండ్లు చేతులు మారి మారి మా వైపు దాకా వచ్చేవి. అందులో ఒకటి పట్టి, డబ్బా మార్చి, స్టాండు బిగించి నా పనికి తగ్గట్టు తయారు చేసుకోవాలని నా ఆలోచన.

తోలడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మా అన్న. ఇరవై యేళ్ళ వయసులో, కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట డ్యాముల పనికి పోయి, మట్టి మోసి, మెల్లగా టిప్పరు స్టీరింగు పట్టుకున్నాడు. దిగబడిన బండిని బయటికి తీయాలంటే ఆయన్నే పిలిచేవారట. ప్రతి యేడూ దసరా కాగానే మేస్త్రీ లారీ ఎక్కడం, వానలకు తిరిగి రావడం. ఆయన వెంట వదిన కూడా. ఆ యేడు శ్రావణంలో ఆమె ఒకరోజు షాపుకొచ్చి, గల్లా పక్కన నిలబడి అడిగింది.

"తమ్మీ, ఈసారి మీ అన్నను జర ఆపు. ఆ రేకుల షెడ్లల్ల ఉండుడు నాతోని అయితలేదు."

దసరా లోపల బండి తెస్తాను, అన్న నా దగ్గరే ఉంటాడు, నువ్వు రంది పెట్టుకోకు అని మాటిచ్చాను. అంత ధైర్యంగా ఎలా చెప్పానో ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. మాటివ్వడంతో ఆగలేదు. అన్న కొలతలు చెప్పి రెండు ఖాకీ చొక్కాలు కుట్టించాను. నెలకు ఎంత జీతమివ్వాలో కూడా లెక్కేసుకుని హోటల్లో చాయ్ తాగేవాళ్ళందరికీ చెప్పాను. అన్నను వలస పోకుండా ఆపుతున్నావు, మంచి పని అన్నారు అందరూ. నాకూ అలాగే అనిపించింది. చొక్కాలు ఇస్తే అన్న వాటిని మడత విప్పకుండా పెట్టెలో పెట్టాడు. బండి వచ్చాక తొడుక్కుంటాడులే అనుకున్నాను.

మొదటి బండి వనపర్తిలో చూశాం. పచ్చరంగు కొత్తగా వేసి, టైర్లకు నలుపు పూసి పెళ్ళికొడుకులా నిలబెట్టారు. ముందు చక్రాల గేరు రాడ్డు నేనే పట్టుకుని చూశాను, మెత్తగా పడింది. నాకు నచ్చేసింది. అన్న భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి, తువ్వాలు దులుపుకుంటూ, లోపల ముందు చక్రాలకు పోయే షాఫ్టే లేదన్నాడు. డీజిలు మిగులుతుందని ఎవరో ఎప్పుడో ఊడదీశారట. పైన రాడ్డు మాత్రం ఉత్తగా ఉంది. ఓనరు నేలచూపులు చూశాడు. నాకు ఎంత గర్వమనిపించిందంటే, తిరుగు బస్సులో పక్కసీటాయనకు కూడా మా అన్న గురించి చెప్పాను.

ఆ గర్వం మూడు వారాలు కూడా నిలవలేదు. ఇటిక్యాల దగ్గర చూసిన బండికి చాసీ విరిగి అతుకేసి ఉందన్నాడు, సరే, అది పెద్ద తప్పే. నాగర్‌కర్నూల్లో ఒకదానికి ఇంజను పొగ కక్కుతోంది, అదీ ఒప్పుకున్నాను. అదే ఊళ్ళో ఇంకోదానికి గేర్‌బాక్సు దగ్గర ఆయిలు చెమ్మ ఉందన్నాడు. సీలు మారిస్తే పోయే దానికి బండినే వద్దంటావా అని బస్టాండులో వాదించాను. ఆయన బీడీ వెలిగించుకుని బస్సు వచ్చే వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంకోచోట బరువు మోసే కమాను కట్టలు కుంగాయన్నాడు. మరోచోట సీటు కింద తుప్పు అన్నాడు. సీటు కింద తుప్పు! నేను ఆ బండి సీటుకేమైనా పూజ చేసుకుంటానా?

ఒకరోజు ఒళ్ళు మండి, నువ్వు బండి చూస్తున్నావా, పిల్లను చూస్తున్నావా అని అడిగేశాను. నవ్వి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మేము వద్దన్న ఆయిలు చెమ్మ బండి పదిరోజులకే మా గద్వాల రోడ్డు మీద, నా షాపు ముందు నుంచే, ఇటుకలు వేసుకుని ధీమాగా పోయింది. చేతిలో ఉన్న రాగి తీగ అక్కడే గిరాటేశాను. ఆదివారాలు షాపు మూసినందుకు గిరాకీలు పక్క షాపుకు పోతున్నారు, దసరా దగ్గర పడుతోంది, ఇంట్లో వదిన నేను తిరిగొచ్చిన ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి, బండి తాళం ఉందేమోనని నా చేతులకేసి చూసి లోపలికి పోతోంది.

చివరికి బిజినేపల్లి దగ్గర ఒక పెద్దాయన బండి ఉందని తెలిసింది. ఆయన అడవి నుంచి వెదురు తోలించేవాడు, ఇప్పుడు మానేశాడు. ఆ బండి చూడ్డానికి ఘోరంగా ఉంది. ఒక కన్ను దీపం లేదు, తలుపును ఇనుప తీగతో కట్టారు, రంగు ఏదో చెప్పడం కష్టం. అన్న ఎప్పటిలాగే తువ్వాలు పరిచి కిందికి దూరాడు. బయటికొచ్చాక తాళం అడిగి, బండిని పక్కనే వానకు నానిన దుక్కిలోకి దింపాడు. నడుమ ఒకసారి ఆపి, ముందు చక్రాల గేరు వేశాడు. నాలుగు చక్రాలూ పట్టుకుని లాగుతుంటే బురద మా మీద దాకా ఎగిరింది. ఆ బురదలోంచి బండి తాపీగా గట్టెక్కింది. స్టీరింగు వెనక అన్న ముఖం చూశాను. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

దిగి, నా దగ్గరికొచ్చి, టైర్లు పాతవయ్యాయి అన్నాడు.

ఆ పెద్దాయన ముందే గట్టిగా అరిచాను. టైర్లు మార్చుకోలేమా, నీ మనసులో ఏముందో చెప్పు, ఇంట్లో ఆమెకు నేనేం చెప్పాలి అని నోటికొచ్చినట్టు అడిగాను. అన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కొక్క వేలూ.

"బండి మంచిగున్నది తమ్మీ. దీనికి ఏం తప్పు లేదు. నేనే తోలను."

ఎందుకని అడిగాను.

"నువ్వు బడికి పోయినన్ని దినాలు నేను పటేలు కాడ జీతమున్న. అప్పుడు చిన్నగుంటి, ఏం తెల్వదు. గిప్పుడు నీ కాడ జీతముండుమంటే నాతోని కాదు."

నేను బడికి పోయిందీ, తర్వాత ఐటీఐలో వైండింగు నేర్చుకుందీ ఆయన పటేలు పశువులు కాసి తెచ్చిన గింజల మీదే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆయన నోటి వెంట ఆ మాట వినడం అదే మొదలు. ఖాకీ చొక్కాలు, నెల జీతం, హోటల్లో నేను చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఆయన చూస్తూ, వింటూ ఊరుకున్నాడని అప్పుడు అర్థమైంది.

బండి నీ పేరు మీదనే రాయిస్తాను, వచ్చిందాంట్లో చెరి సగం అన్నాను. నిజంగానే అన్నాను.

"గీ మాట వనపర్తిల అంటే ఉంటుంటి," అన్నాడు అన్న. "మొన్ననే మేస్త్రికి మాటిచ్చిన. నన్ను చూసి పదిమంది కదిలిండ్రు. ఇప్పుడు ఎట్ల తప్పాలె?"

బండి మాత్రం కొనాల్సిందేనని ఆయనే పట్టుబట్టాడు. ఇంత మంచిది మళ్ళీ దొరకదన్నాడు. కాగితం మీద ఎవరి పేరు రాయాలని పెద్దాయన అడిగితే నేను అన్న పేరు చెప్పాను, ఆయన దాన్ని కొట్టేయించి నా పేరు రాయించాడు.

ఇంటికి ఆయనే తోలుకొచ్చాడు. చప్పుడు విని వదిన పరుగెత్తుకొచ్చింది. ఆ ఒంటికన్ను బండిని చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. లోపలికి పోయి కుంకుమ, నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టి, తొక్కించమని అన్నతో అంది. అన్న సీట్లోంచి దిగిపోయి, నన్ను ఎక్కమన్నాడు. నాకు తోలడం రాదని ఆమెకు తెలుసు. కుంకుమ గిన్నె పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

సంగతంతా నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"తోల్తవా అని మీ అన్నను ఒక్కసారన్న అడిగినవా తమ్మీ?" అంది.

అడగలేదు. వంగి చక్రాల కింది నిమ్మకాయలు ఒక్కొక్కటే తీశాను.

దసరాకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ అన్న నన్ను వాగు ఇసుకలోకి తీసుకుపోయి తోలడం నేర్పాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. పండుగ దాటిన మూడోరోజు మేస్త్రీ లారీ వచ్చింది. ఆ బండిలో నేను మొదటిసారి మోసింది మోటారు కాదు, వాళ్ళిద్దరి బట్టల మూటలు, వంటగిన్నెలు. వదిన వెనక డబ్బాలో మూటల మధ్య కూర్చుంది. అన్న నా పక్కన కూర్చుని, క్లచ్చు మీద కాలు ఉంచకు, అరిగిపోతది అని లారీ దాకా చెబుతూనే ఉన్నాడు.