ఉత్త బిళ్ల చుట్టూ వలయం

గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీ ల్యాబులో నేను అసిస్టెంటుని. ఆకుల్లోంచీ సముద్రపు నాచులోంచీ సారం తీసి, దానికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందేమో చూడడం మా పని. ఆ ఫలితాలకు కాస్త మసాలా దట్టించి భోజనాల దగ్గర వడ్డించడం నేను అదనంగా చేసే పని. ఒకసారి నాచు సారం చుక్క బల్ల మీద పడితే, అందులోని చెదపురుగులు పెట్టేబేడా సర్దుకుని మెట్రో ఎక్కి గురుగ్రామ్ వెళ్లిపోయాయని చెప్పాను. ఏ స్టేషన్లో దిగాయని అడిగినవాళ్లూ ఉన్నారు.

అలాంటి నాకు ఆ జనవరి ఉదయం నోరు పెగల్లేదు.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి ఒకతె, భీమిలి రాళ్ల మీద తనే ఏరుకొచ్చిన నాచుతో ఏడాదిగా పాట్లు పడుతోంది. ఆవేళ సూక్ష్మజీవుల్ని పెంచే గాజు ప్లేటు తీసేసరికి అవి మబ్బులా కమ్ముకుని ఉన్నాయి. సారంలో ముంచిన కాగితం బిళ్ల చుట్టూ మాత్రం తేటగా, గుండ్రంగా వలయం. అంటే అక్కడ చచ్చాయన్నమాట! పిల్ల గెంతులేసి, ఇంటికి ఫొటో పంపేసింది.

నా చూపు ప్లేటు అంచునున్న ఇంకో బిళ్ల మీద పడింది. అది ఉత్త బిళ్ల. దానికి నాచు తగలనివ్వం, సారాన్ని కరిగించే మెథనాల్‌లో మాత్రమే ముంచుతాం. దాని చుట్టూ ఏమీ ఉండకూడదు.

ఉంది. ఇంచుమించు అంతే వలయం.

"ఏమే, ఇటు చూడు" అన్నాను.

"ఏటాంటీ, వీటికీ మెట్రో కార్డులిచ్చీసారేటి?" అని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి వంగి చూసింది.

తప్పు ఎక్కడో ఇద్దరికీ తెలుసు. బిళ్లల్ని బాగా ఆరనిచ్చి ప్లేటులో పెట్టాలి. వేసవిలో చిటికెలో ఆరతాయి. ఈ పొగమంచులో అంత తొందరగా ఆరవు. నిన్న బస్సు వెళ్లిపోతుందని ఆదరాబాదరాగా పెట్టేశాం. చంపింది మెథనాలే కావచ్చు.

అంతలో ఆమె గైడు వచ్చారు. హిందీ మనిషి. "అచ్ఛా! వచ్చిందా రింగు? ఎల్లుండి సెమినార్లో చూపించేయ్" అని భుజం తట్టి వెళ్లారు. పిల్ల "ఠీక్ హై సర్" అంది.

ఆయన వెళ్లాక గొంతు తగ్గించి, "చెప్పేత్తారేటి ఆంటీ?" అంది.

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? కానీ అక్కడెవరైనా ఉత్త బిళ్ల చూపించమంటే ఏం చేస్తావ్?"

పిల్ల వెళ్లి సారం సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అడుగున ఇంకొక్కసారికి సరిపడా మాత్రమే ఉంది. మళ్లీ నాచు కావాలంటే భీమిలి వెళ్లాలి, చదువేమో ఈ వేసవితో సరి.

బిళ్లలు ముంచి ఆరబెట్టాం. సార్ గదిలోని హీటరు తెద్దామంది. "మెథనాల్ దగ్గరా? బిళ్లలతో పాటు మనమూ ఆరిపోతాం" అన్నాను. నా జోకుకి నాకే నవ్వు రాలేదు. కాలేజీ బస్సు పోయింది. మెథనాల్ వాసన పూర్తిగా పోయేదాకా కూర్చుని, అప్పుడు ప్లేటులో పెట్టాం.

మర్నాడు మంచులో బస్సు చీమలా పాకుతుంటే, డ్రైవరు భయ్యా మీద ఊరికే విసుక్కున్నాను.

నేను వెళ్లేసరికి పిల్ల ప్లేటు ఉన్న ఇంక్యుబేటర్ ముందు నిలబడి ఉంది. తలుపు తెరవలేదు.

"మీరే చూసి చెప్పండాంటీ." గోడవైపు తిరిగిపోయింది.

ప్లేటు తీశాను. ఉత్త బిళ్ల అంచుదాకా మబ్బు కమ్మేసింది, వలయం లేదు. నాచు బిళ్ల దగ్గరా అంతేనేమో అనిపించింది. ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూశాను.

"ఉందే."

"ఎంత?"

దోసె అంత అని నాలుక చివరిదాకా వచ్చింది.

"సన్నగా. కత్తిరించి పడేసిన గోరంత."

"మీరు తగ్గించి చెప్పేరంటే నిజమే అయ్యుంటాది" అంటూ ఇటు తిరిగింది.

స్కేలు పెట్టి తనే కొలిచింది. ఇంటికి పంపిన ఫొటోలో వలయానికీ దీనికీ పోలికే లేదు. ఫోను తీసింది, చూసింది, మళ్లీ జేబులో పెట్టేసుకుంది. రెండు ప్లేట్లూ పట్టుకుని సార్ గదివైపు నడిచింది, వెనకే నేను.

"ముందు నిన్నటి ఉత్త బిళ్ల చూపిస్తానాంటీ. తిట్టేవన్నీ తిట్టేక ఇది చూపిస్తాను. మీరు మాత్రం లోపల నోరు తెరవకండి."

తెరవనన్నాను. తలుపు మాత్రం తెరిచాను.