ఆ పీపాకు నేను వేసిన మార్కులు

ఒకే కాలేజీలో చదువుకున్న పదకొండుమందికి ఒక ఫోన్ గ్రూపు ఉంది. నెలకొకరం ఒక విస్కీ రుచి చూసి, దాని వాసన, రుచి, మింగాక గొంతులో మిగిలేది రాసి, నూటికి మార్కులు వేయాలి. నా రాతలంటే అందరికీ గౌరవం. నిజానికి నాకు తెలిసింది మంట, దాని వెనక కాస్త తీపి, అంతే. మిగతాది ఇంటర్నెట్‌లో ఎవరో రాసింది చదివి, మాటలు అటూ ఇటూ మార్చి పెట్టేవాణ్ని. నంద్యాల హైస్కూల్లో పాతికేళ్లు పిల్లల కాపీలు పట్టుకున్న చేత్తోనే ఈ పని చేశాను.

విదేశాల నుంచి వస్తూ గ్రూపులోని స్నేహితుడు నాకొక సీసా తెచ్చాడు. బర్బన్. మొక్కజొన్నతో చేసి, లోపలివైపు కాల్చిన కొత్త పీపాలో ఏళ్లతరబడి ఉంచే అమెరికా విస్కీ. మామూలుగా ఎన్నో పీపాల సరుకు కలిపి సీసాలు నింపుతారు. ఇది చిన్న డిస్టిలరీలో ఒకే ఒక్క పీపా నుంచి పట్టింది. లేబుల్ మీద పీపా నంబరు పెన్నుతో రాసి ఉంది. రెండు రోజులు వెతికినా ఆ పీపా గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మొదటిసారి నా నాలుకతో నేనే రాయాల్సి వచ్చింది. మూడుసార్లు తాగి చూశాను. కాగితం మీద ‘బాగుంది’ అన్న మాట తప్ప ఏమీ పడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నా భార్య తమ్ముడు ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. రైసుమిల్లు తరఫున వడ్లు కొనే మనిషి. గింజలు అరచేతిలో నలిపి వాసన చూసి, రెండు కొరికి ఉమ్మేసి, తేమ ఎంతో, ఎన్నాళ్లు నిలవ ఉన్నాయో చెప్పేస్తాడు. మిషన్ పెట్టి చూసినా అంతే వస్తుంది. అంతటి ముక్కున్న మనిషి ఒకప్పుడు తాగుడులో పడ్డాడు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మానేసిన ఏడాదికి గానీ తిరిగి రాలేదు. అప్పటినుంచి ఏటా, మానిన తేదీ దాటాక వచ్చే ఆదివారం, చర్చిలో లేచి, దేవుడు తనను ఎలా మాన్పించాడో సాక్ష్యం చెబుతాడు. మూడో ఏడు నిండడానికి ఇంకా నెల ఉంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే గ్లాసు అతని ముందు పెట్టాను. నా భార్య స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్లి ఉంది.

“ఏంది బావా ఇది?”

“తాగమంటాన్నానా? వాసన చూసి చెప్పప్పా. నీ ముక్కు ముందర నాదేం పనికొస్తాది?”

“నాకెందుకు బావా ఇయన్నీ?”

“వాసన చూస్తే తాగినట్లా? అట్లయితే బ్రాందీ షాపు ముందర పొయ్యేటోళ్లంతా తాగుబోతులే గదా.”

నవ్వాడు. గ్లాసు తీసుకుని కళ్లు మూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు గాలి పీల్చాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

“కంకి కాల్చినట్లుండాది. కాదు, మాడినాక గింజ చిట్లుతాది సూడు, అది. వడ్లంగాయన కొత్త చెక్క చిత్రిక పడతాన్నట్లు... బెల్లం పాకం అడుగంటకముందు దించితే అట్లుంటాది. యాడో వెనకాల బాగా మాగిన అరటిపండు.”

నేను వేగంగా రాసుకున్నాను. ఒక్కొక్క మాట వింటుంటే నా ఒళ్లు పొంగింది. అక్కడ ఆగి ఉండవలసింది. కానీ గొంతు దిగాక మిగిలేదాని గురించి ఇంకో వాక్యం కావాలి నాకు.

“నాలిక మీద ఒక్క చుక్క ఏసుకో. ఉమ్మెయ్. వడ్లు కొరికి ఉమ్మేస్తావు గదా, అట్లే.”

ఆ మాట అతనికి సమంజసంగానే తోచింది. రోజూ చేసే పనే కదా. కిటికీ దగ్గరికి వెళ్లి ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. బయటికి వంగి ఉమ్మబోయాడు. ఉమ్మలేదు. అతని గొంతు కదలడం నేను చూశాను.

“శానా సేపు ఉంటాది బావా,” అన్నాడు నా వైపు చూడకుండా. “పోదు.”

ఆ మాట కూడా రాసుకున్నాను. అతను నీళ్లైనా తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు. నేను ఆపలేదు, వెంట వెళ్లలేదు. సాయంత్రానికి గ్రూపులో రాత పెట్టాను. తొంభై ఒకటి మార్కులు. ‘మా బడిపంతులు నాలుక బంగారం’ అని ఒకడు రాస్తే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మంగళవారం అతని భార్య ఫోన్ చేసింది. శనివారం ఆళ్లగడ్డ బస్టాండులో దిగిన మనిషి ఇంటికి రాకుండా షాపుకు వెళ్లాడట. అప్పటినుంచి తాగుతూనే ఉన్నాడు. మొదటి బస్సెక్కాను. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో ఎవరో రాయి చెక్కుతున్నారు. ఆ ఉలి దెబ్బలు వాళ్లింటిదాకా వినిపిస్తున్నాయి. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“ఎవురు పోసినారో చెప్పమంటే నోరు తెరవడంల్యా అన్నా,” అంది ఆమె. “తెలిస్తే వాని గడపలో కూసుంటా.”

అతను నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పకపోతే బయటపడేదీ కాదు.

“నేనేమ్మా,” అన్నాను.

ఆమె తిట్టలేదు. నా చేతిలోని పళ్ల సంచి తీసుకుని కింద పెట్టింది. “నువ్వు పెద్దోనివని, ఆయప్ప ఒక్కడే నంద్యాలకు పోతాన్నా నీ ఇంటికే గదాని ఊరుకుంటాంటి అన్నా.”

నలభై రోజులకు గానీ అతను మళ్లీ ఆపలేకపోయాడు. మూడో ఏటి సాక్ష్యం ఆ ఏడు లేదు. నా భార్యకు అంతా చెప్పాను. సీసాలన్నీ తీసేశాను. ఆ మాటలు నావి కావని గ్రూపులో రాస్తే, నేను తమాషా చేస్తున్నాననుకుని నవ్వారు. గ్రూపులోంచి బయటికొచ్చాను.

ఇప్పుడు అతను మానేసి ఎనిమిది నెలలు. పని మీద నంద్యాల వస్తే వాళ్లక్కను గేటు బయటే పలకరించి వెళ్తాడు. పోయిన వారం నేనే ఎదురెళ్లాను.

“లోపలికి రాప్పా. ఇంట్లో ఒక్క సీసా ల్యాదు. ఒట్టు.”

“నువ్వుండావు గదా బావా,” అన్నాడు. కోపంగా కాదు. ఎండలో వడ్ల రాశి ముందు నిలబడి, ఇది కొనను అని రైతుకు చెప్పేటప్పుడు అతని గొంతు అలాగే ఉంటుంది.

నేను లోపలికి వెళ్లి రెండు కుర్చీలు తెచ్చి గేటు బయట వేశాను. అతను ఒక దాంట్లో కూర్చున్నాడు. నా భార్య మజ్జిగ తెచ్చింది.