గుడివాడలో తుపాకీ, నాగాయలంకలో దాని ముందు చెక్క

పాత పోటీ తుపాకుల పిచ్చి ఉన్నవాళ్ళకి మన దేశంలో ఒక చిక్కుంది. లైసెన్సు మీద రెండుకి మించి ఉంచుకోనివ్వరు. కాబట్టి మా సేకరణ అంటే సగం ఊళ్ళు తిరిగి చూడటం, సగం నోరు కట్టేసుకోవడం. నా దగ్గర ఒకటుంది. రెండోదాని చోటు చాన్నాళ్ళుగా ఖాళీగా అట్టేపెట్టాను. గుడివాడలో ఒకాయన దగ్గర ఇంగ్లండులో చేసిన జంట గొట్టాల పోటీ తుపాకీ ఉందని, అమ్మే ఆలోచనలో ఉన్నారని, హైదరాబాదులో తుపాకుల దుకాణం నడిపే మిత్రుడు చెప్పాడు. ఇంకేముంది, ఆ చోటు నిండిపోయిందనే అనుకున్నాను. ఇలాంటి పని మీద అటు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్ళే రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి గుడివాడలో దిగొచ్చు. స్టేషన్ నుంచి ఆటోకి ఎనభై అడిగాడు, యాభైకి వచ్చాడు. ఆ తుపాకీ సొంతదారు సామ్యూల్ గారు ధాన్యం వ్యాపారం చేసి ఈమధ్యే మానుకున్న మనిషి. కాఫీ ఇచ్చి, నేను అడక్కుండానే ముందు లైసెన్సు చూపించి, తర్వాత పెట్టె తెరిచారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

వేట తుపాకీ తేలిగ్గా ఉంటుంది, రోజంతా మోయాలి కాబట్టి. గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని కొట్టే పోటీ తుపాకీ బరువుగా ఉంటుంది, పేలినప్పుడు భుజాన్ని తన్నకూడదు కాబట్టి. దీని గొట్టాలు పక్కపక్కన, వేట తుపాకీ కన్నా రెండంగుళాలు పొడుగు. రెండూ మూతి దగ్గర బాగా ఇరుకైనవి. గుళ్ళు చెదరకుండా దూరం పోతాయి. గొట్టాల మధ్య పట్టీ వెడల్పుగా ఉండి, ఎండ మెరవకుండా దాని మీద ఆకురాయి గీతలున్నాయి. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట అసలు లేదు. పోటీలో దాన్ని తీయడం మరిచిపోతే బిళ్ళ చేజారినట్టే అని ఆ రోజుల్లో కొందరు అసలు పెట్టించుకునేవారు కాదు. చూస్తూ చూస్తూ ఉండగానే కాఫీ చల్లారిపోయింది.

రెండు లోపాలు కనిపించాయి. భుజానికి ఆనించే చెక్కని ఎవరో ఒకటిన్నర అంగుళం కోసేశారు. కోత శుభ్రంగానే ఉంది గానీ, సేకరించేవాడికి అది దెబ్బే. మొహమాటం లేకుండా నేననుకున్న ధర తగ్గించి చెప్పాను. ఆయన బేరమాడలేదు. రెండోది పెద్దది. గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే ముందు చెక్క పెట్టెలో లేదు. గుళ్ళు పెట్టడానికి తుపాకీ తెరిచినప్పుడు లోపలి సుత్తుల్ని ఎక్కుపెట్టేది ఆ చెక్కకున్న ఇనప ముక్కే. అది లేని తుపాకీ పేలదు. ఇంకో తుపాకీది తెచ్చి తగిలిస్తే కూర్చోదు.

అదెక్కడుందని అడిగాను. “మా చెల్లెలి దగ్గరుందండీ, నాగాయలంకలో” అన్నారు.

తండ్రి పోయాక పంపకాలు జరిగాయట. చెల్లెలు ఎస్తేరు తుపాకీ అడిగిందట. సంఘపెద్దలు, మేనమామ కూర్చుని అది మగపిల్లాడికే చెందుతుందని తేల్చారట. అప్పుడావిడ బల్ల మీదున్న తుపాకీ నుంచి ముందు చెక్క ఊడదీసి సంచిలో వేసుకుందట. చెక్కముక్కే కదా, ఆడపిల్ల ముచ్చట, పోనీలెమ్మని పెద్దలు ఊరుకున్నారు. ఆవిడ తుపాకీ నోరు కట్టేసిందని వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. నేనెళ్ళి అడిగితే ఇస్తుందేమోనని ఆయన ఆశ.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి, అక్కడ బస్సు మారి అవనిగడ్డ, మళ్ళీ మారి నాగాయలంక. ఎక్కిదిగడాలతో కలిపి మూడు గంటలు పైనే పడుతుంది. టికెట్లన్నీ కలిపినా రెండొందలు దాటవు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి మగవాళ్ళం నిలబడే వెళ్ళాలి. సీటు గురించి అడిగితే కండక్టరు, “మీరు డబ్బులిచ్చి నిలబడండి సార్, అదే మీ మర్యాద” అన్నాడు. అవనిగడ్డ బస్టాండు ఎదురుగా చేపల పులుసుతో భోజనం నూట ఇరవై. వడ్డించిన ఆవిడ నేను ముళ్ళతో పడే అవస్థ చూసి, తోక వైపు ముక్క తీసేసి నడుం ముక్క వేసింది.

ఎస్తేరు గారు హైస్కూల్లో వ్యాయామం టీచరు. రెండో శనివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. తలుపు తీసిన మనిషి నా భుజం దాటరు. పొట్టి చేతులు, గట్టి మణికట్లు. ఆవిణ్ణి చూడగానే ఆ కోత ఎందుకో నాకు అర్థమైంది. సిగ్గేసింది కూడా.

వచ్చిన పనీ, నేను కట్టిన ధరా చెప్పాను. “చెక్క కోసేశారని ధర తగ్గించారా?” అని అడిగారు. తగ్గించానన్నాను. “నాన్నగారు నాకోసం కోయించారండీ. అప్పుడు తొమ్మిదో తరగతి.”

ఆ తుపాకీతోనే రాష్ట్ర పోటీల్లో గెలిచారట. అన్న ఒక్కసారి పేల్చి భుజం పట్టేసిందని మళ్ళీ ముట్టుకోలేదట. నూనె గుడ్డలో చుట్టిన ముందు చెక్క తెచ్చి చూపించారు, నా చేతికి మాత్రం ఇవ్వలేదు. దాని మీద అంకె, గుడివాడలో గొట్టాల మీద చూసిన అంకె ఒకటే. ఏ సంగతీ ఫోను చేసి చెప్తానని సామ్యూల్ గారికి మాటిచ్చి వచ్చాను కాబట్టి, ఆవిణ్ణి అడిగే చేశాను. స్పీకరులో పెట్టి ఫోను బల్ల మీద ఉంచాను.

“ఏమందండీ?” అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంగి, “అన్నయ్యా, నేనే. ఈయన చెప్పిన ధర నేనిస్తాను, నాకమ్ము. నా లైసెన్సులో ఇంకోదానికి చోటుంది” అన్నారు.

లైను తెగిందేమోనని నేను ఫోను చూశాను.

“అంత కావాలనుకుంటే అప్పుడే గట్టిగా అడగొచ్చుగా, ఎస్తేరూ.”

“అడిగాను. నీ ముందే అడిగాను. నువ్వు తలొంచుకుని కూర్చున్నావు.”

“అవును, కూర్చున్నాను” అన్నారాయన. “రేపు ఆరాధన అయ్యాక రా. ఆ చెక్క పట్టుకుని రా. ధర సంగతి నా దగ్గర ఎత్తకు.”

ఆవిడ ఫోను నా వైపు జరిపి, టీ పెడతానని లోపలికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. నేను పిలవలేదు.

సాయంత్రం బస్సులో మచిలీపట్నం చేరి రైలెక్కాను. బాధ వేయలేదంటే అబద్ధం. అలాంటి తుపాకీ మళ్ళీ దొరకదు. కానీ అది నా దగ్గరికొస్తే అద్దాల బీరువాలో ఉండేది. నాకు ఒకటిన్నర అంగుళం కురచ, భుజానికి ఎప్పటికీ కుదరదు. ఇన్నేళ్ళుగా తయారీ, అంకె, గొట్టాల మీది ముద్ర చూసి ధర కట్టడమే నేర్చుకున్నాను, అదే పెద్ద చదువనుకున్నాను. మీరెప్పుడైనా ఇలాంటి తుపాకీ చూడటానికి వెళ్తే, ధర చెప్పేముందు ఆ ఇంట్లో దాన్ని పేల్చిందెవరో కనుక్కోండి. అమ్మే మనిషిని కాదు, పంపకాల్లో అది రానివాళ్ళని అడగండి.