అవ్వకు కాపలా

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో నేను నర్సింగ్ అసిస్టెంటును. శిక్షణ రోజుల్లో మూత్రపిండాల నుంచి మూత్రాశయం దాకా, అక్కడి నుంచి బయటికి వచ్చే మార్గం దాకా అన్నీ గడగడా అప్పజెప్పింది నేనొక్కదాన్నే. నాతోపాటు చేరిన ఉట్నూర్ పిల్ల సగంలోనే ఆగిపోయి నేలచూపులు చూసింది. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఆమెనూ మరవనివ్వలేదు.

అలాంటిది, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ తుంటి ఎముక విరిగి మా వార్డులోనే చేరితే, ఆమెకు ఆ పిల్లే కావలసి వచ్చింది. ఆపరేషన్‌కు పెట్టిన మూత్రం పైపు మూడో రోజు తీసేశారు. ఇక మంచం మీదే, బెడ్‌పాన్‌లో పోయాలి. నేను పాన్ పట్టుకుని పోయి "అవ్వా, ఒంటికి వస్తుందా?" అని అడిగితే, "రాలే బిడ్డా, పో" అనేది. నేను అటు పోగానే ఉట్నూర్ పిల్ల పరదా లాగేది. కాసేపటికి చార్టులో మూడు వందల మిల్లీలీటర్లని రాసేది. నాకు ఒళ్లు మండిపోయేది. నా డ్యూటీలో గుటకెడు నీళ్లు ముట్టని నా కన్నతల్లి, ఆమె ఇస్తే గ్లాసు ఖాళీ చేసేది.

"ఏం మందు పెట్టినవే మా అవ్వకు?" అన్నాను ఒకరోజు, నవ్వుతున్నట్టే.

"ఏం లేదక్కా. నేను అడుగ. టైముకు పాన్ పెట్టి అటు మొఖం తిప్పి నిలబడ్త," అంది.

నాకు నేర్పొచ్చింది చూడు అనుకున్నాను. ఆ మాట చెవిన పెట్టలేదు.

తర్వాత రెండు రోజులకు ఆమె సెలవు పెట్టి ఊరికి పోయింది. ఆ రోజు మధ్యాహ్నం దాటినా అవ్వ పోయలేదు. నేను నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ రాలేదంది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా ఉబ్బి ఉంది. సిస్టర్ వచ్చి చూసి, ఇంకో గంటలో పోయకపోతే మళ్లీ పైపు పెట్టాల్సిందే అంది. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పైపుతో పడ్డ బాధ ఆమెకు గుర్తుంది. మళ్లీ పెడితే ఇన్‌ఫెక్షన్ రావచ్చన్న భయం నాది.

"ఎందుకే గిట్ల ఆపుకుంటవ్? నేను నీ బిడ్డను కానా?" అన్నాను కోపంగా.

"బిడ్డవు గాబట్టే సిగ్గయితది. మొఖంల మొఖం పెట్టి, వార్డంత ఇనేటట్టు అడుగుతవ్," అంది, గోడవైపు చూస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా చిన్నప్పుడు అవ్వ మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దంతా ఆపుకుని, బడి నుంచి నేను వచ్చాకే షెడ్డు వెనక గోడ చాటుకు పోయేది. నేను ఆమెకు వీపు పెట్టి, చున్నీ రెండు చేతులా చాపి కాపలా నిలబడేదాన్ని. ఇన్ని పేర్లు బట్టీ పట్టి, అసలైనది మరిచిపోయాను. ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే అది తెలిసింది. నా కడుపు ఇంకా మండింది.

పరదా మొత్తం లాగాను. అవ్వ కింద పాన్ పెట్టి, తలవైపు మంచం కొంచెం ఎత్తి, దుప్పటి కప్పాను. ఏమీ అడగకుండా వీపు తిప్పి నిలబడ్డాను.

కొంతసేపటికి వెనక నుంచి సన్నగా వినిపించింది.

"ఎవలన్న వస్తుండ్రా?"

"ఎవ్వరు వస్తలేరు అవ్వా."

పాన్‌లో చప్పుడు మొదలైంది. చాలాసేపు ఆగలేదు. నేను పరదా అంచు గట్టిగా పట్టుకుని ఏడ్చాను.

ముందు నుంచి వెనక్కి శుభ్రంగా తుడిచి, పాన్ తీసుకుపోయి కొలత జగ్గులో పోశాను. ఐదు వందల యాభై. చార్టులో ఉట్నూర్ పిల్ల రాసిన మూడు వందల కింద, ఆమెకంటే పెద్ద అంకెలతో రాశాను.